మందును ధిక్కరించే క్రిములు

తెలుగు బోధించే ఉపన్యాసకుడు సూక్ష్మజీవులను గురించి వ్రాయబూనడం చూచి మా కళాశాల విజ్ఞానశాస్త్ర శాఖలోని మిత్రులు చిరునవ్వు నవ్వవచ్చును. ఇందుకు నాకు గల అర్హత ఒక్కటే. గత సంవత్సరం నలభై ఒక్క రోజుల పాటు ఒక పెద్ద ఆసుపత్రిలో రోగి పక్కన బల్లపై కూర్చుని, అర్థం కాని ఒక కాగితాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆ తరువాత తెలిసినవారిని అడిగి, దొరికిన పుస్తకాలు చదివి గ్రహించిన దానిని మన విద్యార్థినీ విద్యార్థులకు, వారి ద్వారా వారి ఇంటివారికి అందజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా పెద్ద మామూ, అనగా మా అమ్మగారి అన్నగారు, స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నారు. శస్త్రచికిత్స చక్కగా జరిగింది. ఐదవ రోజున జ్వరం వచ్చింది. గాయం నుండి చీము కారసాగింది. చీమును పరీక్షకు పంపారు. మూడు రోజుల తరువాత వచ్చిన కాగితంపై ఒక క్రిమి పేరు, దాని క్రింద వరుసగా పదునాలుగు మందుల పేర్లు, ఒక్కొక్క మందుకు ఎదురుగా ఒక్కొక్క ఆంగ్లాక్షరం ఉన్నాయి. పన్నెండింటికి ఎదురుగా ‘ఆర్’. రెండింటికి మాత్రమే ‘ఎస్’.

“‘ఎస్’ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుందని అర్థమండీ. ‘ఆర్’ అంటే లొంగదని” అని యువ వైద్యుడు వివరించాడు. “ఇంటి దగ్గర ఈయన ఏయే మాత్రలు వాడేవారు?”

నేను జవాబు చెప్పేలోపుగానే మామూ అందుకొన్నారు. “జ్వరం వస్తే షాపులో అడిగి రెండు రోజులు వేసుకొంటాను డాక్టరు గారూ. తగ్గగానే మానేస్తాను. మిగిలినవి డబ్బాలో దాచిపెడతాను, మళ్లీ పనికి వస్తాయి గదా” అన్నారు, ఏదో పొదుపైన పని చేసినవారి వలె.

వైద్యుడు ఆయనను మందలించలేదు. నన్ను వసారాలోకి పిలిచి, “ఈ క్రిమి మీ ఇంటి నుండి వచ్చి ఉండకపోవచ్చు. బహుశః ఇక్కడిదే” అన్నాడు. ఆ మాటలోని నిజాయితీకి ఇప్పటికీ నేనతనికి కృతజ్ఞుణ్ణి. ఇక్కడిదే అంటే ఏమిటి? రోగం తగ్గడానికి వచ్చిన చోట రోగం అంటుకోవడం ఎట్లా? ఆ ప్రశ్నతోనే నా చదువు మొదలయింది.

మొదట ఒక భ్రమను తొలగించుకోవాలి. “ఆ మందు నాకు పని చేయదు, నా ఒంటికి అలవాటు పడిపోయింది” అని చాలామంది అంటూ ఉంటారు. నేనూ అట్లాగే అనుకొనేవాణ్ణి. అలవాటు పడేది మన శరీరం కాదు, క్రిమి. ఇదేదో మాటల తేడా అనుకోరాదు. నా శరీరమే మారితే ఆ నష్టం నా ఒక్కడిదే. మారినది క్రిమి గనుక, అది నా నుండి మరొకరికి పోతుంది. ఆ మందును జన్మలో ఎన్నడూ వేసుకోనివాడు కూడా, నిన్న పుట్టిన పసికందు కూడా, ఆ మందు పని చేయని వ్యాధికి గురి కావచ్చును. ఇంకొక మాట. యాంటీబయాటిక్కు మందులు బాక్టీరియా అనే ఏకకణ జీవులపైననే పని చేస్తాయి. జలుబు, ఇన్‌ఫ్లూయెంజా మున్నగు వాటిని కలిగించే వైరసులపై వాటి ప్రభావం శూన్యం. తెలుగులో వీటిని ప్రతిజీవకాలని, సూక్ష్మజీవి నాశకాలని వ్యవహరిస్తున్నారు. కాని ఆ మాటతో మందుల షాపుకు పోతే ఏమీ దొరకదు కనుక వాడుకలోని పేరునే ఇక్కడ ఉంచుతున్నాను.

పెన్సిలిన్ కథ మన పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. 1928లో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజు చుట్టూ క్రిములు చచ్చిపడి ఉండడం గమనించాడు. దానిని మందుగా మార్చినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మున్నగువారు. 1940 మే నెలలో వారు ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమైన క్రిములనెక్కించి, నాలుగింటికి మాత్రమే పెన్సిలిన్ ఇచ్చారు. ఆ నాలుగే బ్రతికాయి. 1941లో ఆ మందు పొందిన ఒక పోలీసు ఉద్యోగి కోలుకొంటూ ఉండగా మందు అయిపోయింది. అతని మూత్రం నుండి పెన్సిలిన్‌ను తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు. అదీ చాలలేదు, అతడు మరణించాడు. అంత అపురూపమైన వస్తువు అది ఆనాడు! ఈనాడు మన డబ్బాలలో బొత్తాల పక్కన దొర్లుతున్న మాత్రలను తలచుకొంటే మనస్సు చివుక్కుమంటుంది.

పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి ఒకటి ఉన్నది. అదే 1940లో, అంటే పెన్సిలిన్ ఇంకా మందుగా వాడుకలోకి రాక పూర్వమే, అబ్రహాం, చెయిన్ అనే ఇద్దరు పెన్సిలిన్‌ను ధ్వంసం చేసే ఎంజైమును కొన్ని క్రిములలో కనుగొని ప్రకటించారు. మందు, మందుకు విరుగుడు కవల పిల్లల వలె ఒకేసారి లోకానికి పరిచయమయ్యాయన్న మాట. ఇందులో ఆశ్చర్యం లేదు. మన్నులోని బూజులు, క్రిములు మనిషి పుట్టక ముందు నుండీ పరస్పరం పోరాడుకొంటున్నాయి. ఈ ఆయుధాలు వాటివి, కవచాలూ వాటివే. మనం ఆయుధాన్ని మాత్రం అరువు తెచ్చుకొన్నాము. 1945లో నోబెల్ బహుమతి స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలో ఫ్లెమింగ్ స్వయంగా, చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడితే క్రిములు దానిని ధిక్కరించడం నేర్చుకొంటాయని హెచ్చరించాడు.

ఆ హెచ్చరిక వెలువడిన మూడేళ్లలోనే అది నిజమని తేలింది. లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ అనే వైద్యురాలు, చీము పట్టించే స్టఫిలోకోకస్ క్రిములను లెక్కించింది. పెన్సిలిన్‌కు లొంగనివి 1946లో నూటికి 14. మరుసటి సంవత్సరం 38. 1948లో 59. ఆమె గొప్పతనం లెక్కలతో ఆగలేదు. ఈ క్రిములు ఒక్కొక్క రోగి శరీరంలోనూ విడివిడిగా మొండికెత్తినవి కావని, లొంగని జాతి ఒకటి రోగి నుండి రోగికి పాకుతున్నదని ఆమె గ్రహించింది. ‘ఇక్కడిదే’ అని మా వైద్యుడన్న మాటకు మూలం డెబ్బయి ఐదేళ్ల క్రిందటి ఈ పరిశీలన అనవచ్చును.

అటు తరువాత కొత్త మందులు వరుసగా వచ్చాయి. వాటిలో 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిన్ ఒకటి. నేటి టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి అది పెద్దక్క. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్ కాగా, ఆ లెడర్లీ పరిశోధనాలయాన్ని నడిపించినవాడు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో! ఆ మందు ప్రకటింపబడిన సంవత్సరమే ఆయన కన్నుమూశారు. పెన్సిలిన్‌ను ధ్వంసం చేసే క్రిములను లొంగదీయడానికి మెథిసిలిన్ అనే మందును తయారు చేశారు. అది వాడుకలోకి వచ్చిన ఏడాదీ రెండేళ్లలోనే, 1961లో, దానికీ లొంగని స్టఫిలోకోకస్‌ను ఇంగ్లండులో పట్టుకొన్నారు. దాచి ఉంచిన ఆ పాత క్రిముల జన్యువులను ఈ కాలపు పద్ధతులతో చదివి, ఈ ధిక్కార శక్తి మెథిసిలిన్ పుట్టడానికి పది సంవత్సరాలకు పైగా ముందే వాటికి అబ్బినదని 2017లో నిర్ధారించారు. పెన్సిలిన్‌ను విరివిగా వాడడమే ఆ క్రిములకు మార్గం వేసిందట.

ఇక్కడ క్రిమి తీరును కొంత వివరించాలి. అనుకూల పరిస్థితులలో పేగులలోని ఎషరీషియా కోలి వంటి క్రిమి ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. ఒక్క క్రిమి పది గంటలలో, లెక్క ప్రకారం, 107 కోట్లకు పైగా అవుతుంది. పురాణంలోని రక్తబీజుడు గుర్తుకు వస్తున్నాడు కదూ! ఇన్ని కోట్లసార్లు జన్యువులను నకలు వ్రాసుకొనేటప్పుడు వ్రాయసకాని తప్పుల వంటివి దొర్లుతాయి. అనేకం నిరర్థకం. ఏదో ఒక తప్పు మాత్రం ఆ క్రిమికి మందును తట్టుకొనే వీలు కల్పిస్తుంది. మందు పడినపుడు తక్కినవన్నీ చస్తాయి. ఇది మిగులుతుంది. పోటీ లేని పొలంలో కలుపు వలె అల్లుకొంటుంది. మందు క్రిమికి ధిక్కారం నేర్పదు. ధిక్కరించే దానిని ఏరి, దాని పగవారినందరినీ మట్టుపెట్టి, రాజ్యం అప్పగిస్తుంది.

ధిక్కరించే విధానాలు పలు రకాలు. కొన్ని క్రిములు మందును కత్తిరించే ఎంజైమును తయారు చేస్తాయి. కొన్ని, పడవలోకి వచ్చిన నీటిని తోడిపోసినట్లు, లోనికి వచ్చిన మందును బయటికి తోడివేస్తాయి. మరికొన్ని తమలో మందు పట్టుకొనే భాగాన్నే మార్చివేసుకొంటాయి. తాళం మార్చిన ఇంటికి పాత చెవి పనికిరానట్లే అప్పుడు మందు వృథా అవుతుంది. మామూకు సోకిన క్లెబ్సియెల్లా అనే క్రిమి ఇటువంటి విద్యలు ఒకటికి మించి నేర్చినది.

అన్నిటికంటె విపరీతమైన సంగతిని జపానులో కనుగొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అక్కడ రక్తవిరేచనాల క్రిమి ఒకేసారి నాలుగు రకాల మందులకు లొంగకుండా పోయింది. నాలుగు తప్పులు ఒకే క్రిమిలో వరుసగా జరగడం అసంభవం. 1959లో ఒచియాయ్, అకిబా మున్నగువారు ఆ రహస్యాన్ని ఛేదించారు. ఒక క్రిమి మరొక జాతి క్రిమిని తాకి, నాలుగు ధిక్కార జన్యువులూ ఉన్న చిన్న డి.ఎన్.ఎ. వలయాన్ని దానికి అందజేస్తున్నది! ప్లాస్మిడ్ అని దాని పేరు. తండ్రి నుండి కొడుకుకు ఆస్తి వచ్చినట్లు కాక, బజారులో ఎదురైన అపరిచితుడి చేతికి ఇంటి తాళాలగుత్తి ఇచ్చినట్లన్న మాట. పేగులలో ఏ హానీ చేయక పడి ఉండే క్రిమి కూడా అటువంటి గుత్తిని మోస్తూ, సమయం వచ్చినపుడు ప్రాణాంతకమైన దానికి ఇవ్వగలదు.

ఇటువంటి క్రిములకు ఆసుపత్రి వంటి నెలవు మరొకటి లేదు. అక్కడ యాంటీబయాటిక్కుల వాడకం ఎక్కువ కనుక లొంగే క్రిములు చచ్చి లొంగనివే మిగిలి ఉంటాయి. అక్కడి మనుషులు బలహీనులు. చర్మం అనే మన కోటగోడకు అక్కడ అడుగడుగునా కన్నాలు ఉంటాయి. సెలైన్ ఎక్కించే సూది, మూత్రం కొరకు గొట్టం, శ్వాస కొరకు గొంతులో గొట్టం, శస్త్రచికిత్స గాయం. ఇవన్నీ ప్రాణం నిలిపేవే, ఇవన్నీ క్రిమికి రాచబాటలే. ఇక ఒక మంచం నుండి మరొక మంచానికి క్రిమిని మోసుకొనిపోయే వాహనం ఏది? దానికి రెక్కలు లేవు. చాలావరకు అది ప్రయాణం చేసేది మనిషి చేతి మీద.

ఎంత సంపన్నమైన ఆసుపత్రికైనా ఈ బెడద తప్పదనడానికి అమెరికాలో బెథెస్డా పట్టణంలోని జాతీయ ఆరోగ్య సంస్థల ఆసుపత్రిలో 2011లో జరిగిన సంఘటనే సాక్ష్యం. జూన్ 13న న్యూయార్కు నుండి ఒక రోగిని అక్కడికి తెచ్చారు. ఆమెలో దాదాపు అన్ని మందులనూ ధిక్కరించే క్లెబ్సియెల్లా ఉన్నదని వైద్యులకు ముందే తెలుసును. ప్రత్యేకమైన గదిలో ఉంచారు. లోనికి పోయేవారు గౌను, తొడుగులు ధరించారు. జూలై 15న ఆమె క్షేమంగా వెళ్లిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. మూడు వారాల తరువాత, ఆగస్టు 5న, ఆమెను ఎన్నడూ చూడని మరొక రోగిలో ఆ క్రిమి బయటపడింది. తరువాత ఇంచుమించు వారానికొకరు. గోడ కట్టించి క్రిమి సోకినవారికి వేరు విభాగం ఏర్పరచారు. వారికి వేరే సిబ్బందిని కేటాయించారు. గదులలోనికి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరిని వదిలారు. సిబ్బంది చేతులు శుభ్రపరచుకొంటున్నదీ లేనిదీ కనిపెట్టడానికి మనుషులను నియమించారు. శుభ్రపరచి పెట్టిన ఒక వెంటిలేటర్‌పైన, చేతులు కడుగుకొనే తొట్ల తూములలో కూడా ఆ క్రిమి కనిపించింది. మొత్తం 18 మంది రోగులకు సోకింది. వారిలో 11 మంది మరణించారు. అందులో ఆరుగురి మరణానికి ఈ క్రిమియే కారణమని తేల్చారు. తక్కిన వారిని వారి అసలు వ్యాధులే తీసుకొనిపోయాయి.

అక్కడి శాస్త్రజ్ఞులు రోగులందరి నుండి తీసిన క్రిముల జన్యువులను అక్షరం అక్షరం చదివి, ఏది దేనికి సంతతియో వంశవృక్షం గీశారు. వ్రాతప్రతులలోని దోషాలను పోల్చి ఏ ప్రతికి ఏది మాతృకయో నిర్ణయించే మా సాహిత్య పరిష్కర్తల పద్ధతే అది! ఆ వృక్షం వలన రెండు సంగతులు తెలిశాయి. క్రిమి మొదటి రోగి నుండి తప్పించుకొన్నది ఒక్కసారి కాదు, వేర్వేరు సందర్భాలలో. రోగులలో క్రిమి బయటపడిన వరుస వేరు, అది వారికి సోకిన వరుస వేరు. అనగా కొందరు దానిని పేగులలో మోస్తూ, జ్వరం గాని చీము గాని లేకుండా, వారాల తరబడి ఎవరికీ తెలియకుండా ఉన్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరకే అనలేదు. ఆసుపత్రిలో చేరేవారిని ముందుగానే పరీక్షించి అటువంటివారిని గుర్తించే పద్ధతికి నేడు ఇంత ప్రాధాన్యం ఇందుకే.

చేతుల విషయం తెలియక కాదు. వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో 1847 ఏప్రిల్‌లో వైద్యుల విభాగంలో చేరిన బాలింతలలో నూటికి 18 మంది సూతికా జ్వరంతో మరణించారు. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులూ విద్యార్థులూ పురుడు పోస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించి, మే నెల నుండి క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకోవాలని శాసించాడు. జూలైలో మరణాలు నూటికి 1.2కు పడిపోయాయి. యాంటీబయాటిక్కు లేదు, క్రిములంటే ఏమిటో కూడా తెలియదు. సున్నపు నీరు, పళ్లెము, అంతే. ఆయన మాటను పెద్దలు మన్నించలేదు. 1865లో ఆయన మానసిక చికిత్సాలయంలో మరణించాడు.

ఆ తరువాత నూట నలభై ఏడేళ్లకు, 1994లో, జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో దిదియే పిటె అనే వైద్యుడు లెక్క తీస్తే, చేతులు శుభ్రపరచుకోవలసిన సందర్భాలలో సగం కంటె తక్కువసార్లే, నూటికి 48 సార్లు, ఆ పని జరుగుతున్నది. కారణం నిర్లక్ష్యం మాత్రమే కాదు. సబ్బుతో సరిగా కడగడానికి నిమిషం దాకా పడుతుంది. తొట్టి దాకా నడవాలి. క్షణం తీరిక లేని నర్సు గంటకు ఇరవైసార్లు ఆ పని చేయడం మాటలా? మంచం దగ్గరనే సారాయి ధాతువు గల ద్రవాన్ని సీసాలో ఉంచి, అరనిమిషంలో రుద్దుకొనే వీలు కల్పించారు. మూడేళ్లలో అది నూటికి 66కు పెరిగింది. ఆసుపత్రిలో అంటే వ్యాధులు నూటికి 16.9 నుండి 9.9కి తగ్గాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అయిదు సందర్భాలలో చివరిది నన్ను ఆకర్షించింది. రోగిని ముట్టకపోయినా, ఆయన మంచం కమ్మీని, బల్లను తాకినంత మాత్రాన చేతులు శుభ్రపరచుకోవాలి. అసినెటోబాక్టర్ వంటి క్రిమి పొడిగా ఉన్న వస్తువులపై నెలల తరబడి బ్రతుకగలదు మరి.

మన దేశపు పరిస్థితి చెప్పడానికి మనస్సు రాదు, చెప్పక తప్పదు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 2011 నుండి 2014 వరకు జరిపిన పరిశీలన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అక్కడనే పుట్టి, ప్రత్యేక విభాగాలలో చేర్చబడిన 13,530 మంది శిశువులను గమనించారు. రక్తంలో క్రిములు వ్యాపించే వ్యాధి సుమారు ఏడుగురిలో ఒకరికి వచ్చింది. మరణాలలో ఇంచుమించు నాలుగవ వంతుకు అదే కారణం. ఎక్కువగా కనిపించిన అసినెటోబాక్టర్ క్రిములలో నూటికి 82 పలు మందులను ధిక్కరించేవే. వ్యాధులలో దాదాపు మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటలలోపే వచ్చాయి. ఆ బిడ్డలు ఏ మాత్రను సగంలో మానివేశారు? ఏ షాపులో చీటీ లేకుండా మందు కొన్నారు?

2008లో, ఢిల్లీలో చికిత్స పొంది స్వీడనుకు తిరిగి వెళ్లిన ఒక భారతీయ సంతతి రోగిలో, అత్యవసర సమయంలో వాడే కార్బాపెనెమ్ మందులను సైతం కత్తిరించే ఎంజైమును కనుగొన్నారు. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారు. మన రాజధాని పేరు క్రిమి విద్యకు పెట్టడమేమని 2010లో పెద్ద దుమారమే రేగింది. ఆ కోపం అసహజం కాదు. అయితే పేరుపై జరిగినంత వాదం తూములపై జరగలేదని నా అభిప్రాయం. 2011లో ఢిల్లీ వీధులలోని మడుగుల నుండి తీసిన 171 నమూనాలలో 51లోను, 50 కొళాయి నీటి నమూనాలలో రెండింటిలోను ఆ జన్యువు దొరికింది. మన ప్రాంతం కూడా తప్పించుకోలేదు. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మాత్ర వేసుకొన్న రోగి రక్తంలో ఉండే పాళ్ల కంటె అది ఎక్కువ! ఆసుపత్రి గోడ లోపల ఎంత కడిగినా, గోడ వెలుపల క్రిములకు ఇటువంటి పాఠశాలలు నడుస్తూ ఉంటే ఫలితమెంత?

ప్రపంచం మొత్తం మీద 2019లో 12 లక్షల 70 వేల మంది, మందులకు లొంగని బాక్టీరియా కారణంగానే మరణించారని అంచనా. కొత్త మందులు రావడం లేదా అంటే, అరుదుగా వస్తున్నాయి. కొద్ది రోజులు వాడి మానివేసే మందు మీద కంపెనీలకు లాభం తక్కువ. అందువలన మూత్రపిండాలను దెబ్బ తీస్తుందని ఒకప్పుడు అటకెక్కించిన కొలిస్టిన్ అనే పాత మందును వైద్యులు మళ్లీ దించుకొన్నారు. మామూ కాగితంలో ‘ఎస్’ ఉన్న రెండింటిలో అదొకటి. దానిని కూడా ధిక్కరించే జన్యువు ప్లాస్మిడ్ మీద ఎక్కి తిరుగుతున్నదని 2015లో చైనా నుండి వార్త వచ్చింది. పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ పెట్టడాన్ని మన దేశంలో 2019లో నిషేధించారు.

ముఖ్యమైన యాంటీబయాటిక్కులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మిన వివరాలు పుస్తకంలో నమోదు చేయాలని 2014 మార్చి నుండి నిబంధన కలదు. అది ఎంతవరకు అమలవుతున్నదో మామూ డబ్బాయే చెప్పగలదు. మందు వేయడం మొదలుపెడితే కోర్సు పూర్తి చేయాలని మనం విన్నాము. అనేక వ్యాధులకు వెనుకటి కంటె తక్కువ రోజులు చాలునని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఎన్ని రోజులన్నది నిర్ణయించవలసినవాడు వైద్యుడే గాని, జ్వరం తగ్గిన ఉత్సాహంలో ఉన్న రోగి కాదు, షాపులోని కుర్రవాడు కాదు. అసలు అవసరం లేని జలుబుకు వేసుకోవడం సగంలో మానడం కంటె పెద్ద తప్పు.

ఇక మన విషయం. రోగిని పరామర్శించడం, మనం ఇయాదత్ అనే మంచి ఆచారం, మన ఇండ్లలో తప్పనిసరి. మామూను చూడడానికి ఏడెనిమిది మంది కలిసి వచ్చేవారు. మంచం అంచున కూర్చునేవారు, నుదురు తాకేవారు, పండ్లు ఒలిచి నోటికందించేవారు, చోటు చాలకపోతే పక్క మంచంపై సర్దుకొనేవారు. పక్క మంచంలో లారీ ప్రమాదంలో గాయపడిన ఒక యువకుడు ఉండేవాడు. అతనికి తోడు వృద్ధురాలైన తల్లి మాత్రమే. “నాయనా, కాస్త లేవదీసి కూర్చోబెట్టు” అని ఆమె అడిగినపుడల్లా నేను వెళ్లేవాణ్ణి. మూత్రపు సంచిని సరి చేసేవాణ్ణి, చెమట తుడిచేవాణ్ణి. తిరిగి వచ్చి అదే చేతితో మామూ దుప్పటి సవరించేవాణ్ణి, గాయం మీది కట్టు జారితే అదిమి పట్టేవాణ్ణి. మంచం కాలి దగ్గర ద్రవం సీసా వేలాడుతూనే ఉండేది. అది డాక్టర్ల కోసమనుకొన్నాను. అందులో సగం రోజులు ద్రవం ఉండేది కాదన్నది కూడా నిజమే.

మామూ రక్తంలో, గాయంలో దొరికిన క్రిమియే ఆ యువకునిలోనూ దొరికింది. మామూకు మొదట జ్వరం వచ్చింది. కాని బెథెస్డా కథ చదివిన తరువాత, జ్వరం వచ్చిన వరుసకు అర్థం లేదని తెలుసుకొన్నాను. ఇక్కడ వంశవృక్షం గీసినవారెవరూ లేరు. అది నర్సు చేతి మీద వచ్చి ఉండవచ్చును, డాక్టరు స్టెతస్కోపు మీద వచ్చి ఉండవచ్చును, నా చేతి మీద పోయి ఉండవచ్చును. నలభై ఒకటవ రోజున మామూ చేతికర్రతో నడిచి ఇంటికి వచ్చారు. మూత్రపిండాలు కొంత దెబ్బ తిన్నాయి. ఆ యువకుడు అంతకు పన్నెండు రోజుల ముందే మరణించాడు.

వచ్చేటపుడు వైద్యుడు ఆ కాగితం నకలు నా చేతికిచ్చి, ఇటువంటి క్రిమి వ్యాధి తగ్గిన తరువాత కూడా నెలల తరబడి పేగులలో ఉండవచ్చునని, ఏ ఆసుపత్రికి వెళ్లినా దీనిని ముందుగా చూపించమని చెప్పాడు. మొన్న కంటి శుక్లాల శస్త్రచికిత్సకు తీసుకొని వెళ్లినపుడు చూపించాము. నలుగురు వేచి ఉన్న గదిలో మా మాట విని ఇద్దరు లేచి దూరంగా కూర్చున్నారు. మామూ చిన్నబుచ్చుకొన్నారు. లోపలి నుండి వచ్చిన నర్సు కాగితం చదివి, ఆయనను ఆ రోజు చివరి కేసుగా వ్రాసుకొని, వేరే కుర్చీ చూపించి, సీసాలోని ద్రవంతో చేతులు రుద్దుకొంటూ లోనికి వెళ్లింది.